ముక్కలు ముక్కలుగా వచ్చే జబ్బు: లూపస్‌ని గుర్తుపట్టడం

(సభకి రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ముందు మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతాను. ఈ ఏడాదిలో పెద్దగా పనేమీ చెయ్యకుండానే ఒళ్ళు అలసిపోయినట్టు అనిపించినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. కీళ్ళు నొప్పి పెట్టినవాళ్ళు? జుట్టు రాలుతోందని దిగులు పడినవాళ్ళు? నోట్లో పుండ్లు? చూశారా, చెయ్యి ఎత్తనివాళ్ళని వెతుక్కోవాల్సి వస్తోంది. మరి మీ అందరికీ లూపస్ ఉన్నట్టా? లేదు, కంగారు పడకండి. లూపస్‌తో చిక్కే ఇది. దాని లక్షణాల్లో చాలావరకు మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయేవే. విడిగా చూస్తే ఏదీ పెద్ద విషయంగా అనిపించదు. కలిపి చూస్తేనే జబ్బు కనపడుతుంది. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కలిపి చూడడం గురించే.

నేను మర్చిపోలేని ఒక పేషెంటు గురించి చెప్తాను. ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. పేరు చెప్పను. మొదట బుగ్గలు ఎర్రబడ్డాయి. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయింట్‌మెంట్ రాశారు, తగ్గింది. కొన్ని నెలలకి చేతివేళ్ళ కీళ్ళ నొప్పులు. ఎముకల డాక్టరు నొప్పి బిళ్ళలు ఇచ్చారు, అవీ తగ్గాయి. తర్వాత నోట్లో పుండ్లు, విటమిన్ మాత్రలు. ఆ తర్వాత జ్వరం, నీరసం. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. రక్తం తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు రాసి, బాగా విశ్రాంతి తీసుకో అమ్మా అని చెప్పి పంపేశాను. అవును, నేనే పంపేశాను. అంతకుముందు ఏమేం వచ్చాయో నేను అడగలేదు. ఆ అమ్మాయీ చెప్పలేదు. ఎందుకు చెప్తుంది? ఎప్పుడో బుగ్గల మీద వచ్చిన ఎరుపుకీ ఇప్పటి నీరసానికీ సంబంధం ఉంటుందని ఆమెకి ఎలా తెలుస్తుంది?

ఎనిమిది నెలల తర్వాత పాదాలు వాచి మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట వాళ్ళమ్మగారు వచ్చారు. ఆవిడ సంచిలోంచి పాత చీటీలన్నీ తీసి, తారీఖుల వారీగా నా బల్ల మీద పరిచారు. ఆవిడకి వైద్యం తెలియదు. కానీ ఆ చీటీలు వరసగా చూసేసరికి నాకు గుండె జారిపోయింది. మూత్రం పరీక్ష చేయిస్తే ప్రోటీన్ విపరీతంగా పోతోంది. అప్పటికే లూపస్ కిడ్నీల దాకా వెళ్ళింది. వైద్యం పనిచేసింది, కిడ్నీలు నిలబడ్డాయి. అయినా మొదటిసారి వచ్చిన రోజే ఒక్క మూత్రం పరీక్ష రాసి ఉంటే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇలాంటి సభకి ఎవరు పిలిచినా కాదనకుండా వస్తాను.

సరే, లూపస్ అంటే ఏమిటి? మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఉంది. బయటినుంచి వచ్చే క్రిములతో పోరాడడం దాని పని. లూపస్‌లో అది మన సొంత కణాల్నే పరాయివాటిగా పొరబడుతుంది. ముఖ్యంగా కణం మధ్యలో ఉండే కేంద్రకంలోని పదార్థాల మీద యాంటీబాడీలు, అంటే మామూలుగా క్రిములని పట్టుకోవడానికి తయారయ్యే ప్రోటీన్లు, తయారుచేస్తుంది. కేంద్రకం అన్నది ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది కదా? అందుకే ఈ జబ్బు ఒక చోటికి పరిమితం కాదు. చర్మం, కీళ్ళు, కిడ్నీలు, రక్తం, మెదడు, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర, ఎక్కడైనా తేలవచ్చు. ఇది అంటువ్యాధి కాదు. ముట్టుకుంటే రాదు, ఒకే ఇంట్లో ఉంటే రాదు. క్యాన్సరూ కాదు.

ఎవరికి వస్తుంది? పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్ళు. ఎక్కువగా 15 నుంచి 45 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, అన్నీ ఆ వయసులోనే. అందుకే నీరసంగా ఉంది అంటే టెన్షన్ వల్ల అంటారు, కీళ్ళ నొప్పి అంటే పని ఎక్కువైంది అంటారు. మగవాళ్ళకి రాదా? వస్తుంది. పిల్లలకీ వస్తుంది. తక్కువగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, మరింత ఆలస్యమవుతుంది.

ఆ పేరు గురించి ఒక మాట. లాటిన్‌లో లూపస్ అంటే తోడేలు. పూర్వం యూరప్‌లో ముఖాన్ని తినేసినట్టుండే పుండ్లని తోడేలు కరిచినట్టున్నాయని ఆ పేరుతో పిలిచేవారు. 1840లలో వియన్నాలో హెబ్రా అనే చర్మవైద్యుడు, బుగ్గల మీద వచ్చే ఎరుపు సీతాకోకచిలుక ఆకారంలో ఉందని రాశాడు. అప్పటిదాకా ఇది చర్మం జబ్బే అనుకున్నారు. ఆయన అల్లుడు కాపొసి, 1872లో, ఇది ఒళ్ళంతా పాకే జబ్బని చెప్పాడు. 1895లో విలియం ఆస్లర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఈ జబ్బు తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంది, ఏళ్ళ తరబడి వస్తూనే ఉండవచ్చు, ఒక్కోసారి చర్మం మీద ఏమీ లేకుండా లోపలి అవయవాలకే రావచ్చు అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముఖం మీద మచ్చ లేదు కాబట్టి లూపస్ కాదు అని అనుకోకూడదు.

చర్మం చెప్పేది

అయినా ముఖంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే అది అందరికీ కనపడుతుంది. రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా ఎరుపు. కాస్త ఉబ్బెత్తుగా కూడా ఉండవచ్చు. సుమారు సగం మందికి వస్తుంది. దీన్ని ఎలా పోల్చుకోవాలి? ముక్కు పక్కనుంచి పెదవి చివరిదాకా ఒక మడత ఉంటుంది చూడండి, నవ్వినప్పుడు లోతుగా పడుతుంది. లూపస్ ఎరుపు మామూలుగా ఆ మడతలోకి దిగదు, దాన్ని వదిలేస్తుంది. చుండ్రు లాంటి పొట్టు రాలే చర్మవ్యాధి అయితే ఆ మడతలోనే ఎక్కువగా ఉంటుంది. చిన్న తేడాయే, కానీ అద్దం ముందు మీరే చూసుకోగలిగిన తేడా.

ఇంకో సంగతి. వైద్య పుస్తకాల్లో చాలా బొమ్మలు తెల్లటి చర్మం మీదివే. చామనఛాయ చర్మం మీద, నల్లటి చర్మం మీద ఆ ఎరుపు ఎరుపులా ఉండదు. ఊదాగానో, ముదురు గోధుమ రంగులోనో, ఒక్కోసారి నల్లగానో కనపడుతుంది. అందుకే చాలామంది మంగు అనుకుంటారు. మంగు మచ్చలు చర్మంతో సమానంగా ఉంటాయి, నెమ్మదిగా నెలల మీద ముదురుతాయి. లూపస్ మచ్చ రోజుల్లో లేస్తుంది, వేడిగా, చురుక్కుమన్నట్టు ఉండవచ్చు, వెంట జ్వరమో కీళ్ళ నొప్పులో తెచ్చుకోవచ్చు. బుగ్గల మీద రంగు మారితే, మంగే కదా అని మందులషాపులో క్రీము కొనుక్కోకండి. చూపించుకోండి. ఆ క్రీముల్లో కొన్నిటిలో స్టీరాయిడ్ ఉంటుంది, అది మచ్చని తాత్కాలికంగా అణిచేసి అసలు జబ్బుని దాచేస్తుంది.

ఎండ. ఇది పెద్ద ఆధారం. ఎండలో తిరిగితే ఎవరికైనా ముఖం కందుతుంది, అది సహజం. లూపస్‌లో ఎండ తగిలిన చోట దద్దుర్లు లేస్తాయి, కొందరికి దానితోపాటు జ్వరం, ఒళ్ళు నొప్పులు కూడా వస్తాయి. ఆ రోజే రావాలని లేదు, కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. అందుకే ఎండకీ దీనికీ ముడి పెట్టుకోలేరు. అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం కిటికీ అద్దాల్లోంచి కూడా వస్తుంది. నేను బయటికే వెళ్ళలేదు కదా అనే ఆమె, రోజూ కిటికీ పక్కన కూర్చుని పనిచేసే మనిషి అయి ఉండవచ్చు.

జుట్టు సంగతి అడుగుతారని తెలుసు. జుట్టు రాలడానికి వంద కారణాలు. లూపస్‌లో రెండు రకాలు. ఒకటి, జబ్బు తిరగబెట్టినప్పుడు తలంతా పలచబడడం, నుదుటి అంచున జుట్టు పొట్టిగా తెగి చిందరవందరగా ఉండడం. ఇది జబ్బు తగ్గితే మళ్ళీ వస్తుంది. రెండోది గుండ్రటి మచ్చలుగా వచ్చేది. దాన్ని డిస్కాయిడ్ లూపస్ అంటారు. తల మీద, చెవి డొప్పలో, ముఖం మీద బిళ్ళల్లా వచ్చి, పొట్టు కట్టి, మానాక గుంట పడినట్టు మచ్చ మిగులుస్తుంది. అక్కడ జుట్టు మళ్ళీ రాదు. దీన్ని పేనుకొరుకుడు అనుకుని ఏవేవో రాస్తుంటారు. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, మచ్చ పడదు. కాబట్టి జుట్టు ఊడిన చోట చర్మం ఎలా ఉందో చూడండి.

నోటిలో పుండ్లు. మామూలు నోటిపూత మంటపెడుతుంది కదా? లూపస్ పుండు తరచుగా నొప్పే పెట్టదు. అంగిట్లో, పైన గట్టిగా ఉండే భాగంలో వస్తుంది. నొప్పి లేదు కాబట్టి మనిషికి తెలియదు. నోరు తెరిచి టార్చి వేసి చూస్తేనే తెలుస్తుంది.

చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టగానే వేళ్ళు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారి, వేడి తగిలాక ఎర్రబడేవాళ్ళు ఉంటారు. దాన్ని రేనో అంటారు. ఇది లూపస్ లేనివాళ్ళకీ ఉంటుంది. మిగతావాటితో కలిసి ఉంటే మాత్రం తప్పకుండా చెప్పాలి.

ఇక కీళ్ళు. ఏదో ఒక దశలో పదిమందిలో తొమ్మిదిమందిని బాధపెట్టేవి ఇవే. చేతివేళ్ళు, మణికట్లు, మోకాళ్ళు. రెండు వైపులా. పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటాయి, కదిలిస్తూ ఉంటే వదులవుతాయి. రోజంతా పనిచేసి సాయంత్రం నొప్పి పెట్టే కీళ్ళకీ దీనికీ తేడా అదే. కీళ్ళవాతంలోనూ ఇలాగే ఉంటుంది, కాకపోతే అది ఎముకని కొరికేస్తుంది. లూపస్‌లో ఎక్స్‌రే తరచుగా బాగానే ఉంటుంది. ఎక్స్‌రే బాగుంది, నీకేం లేదు అని పంపేస్తారు. ఆ అమ్మాయికి నొప్పి ఉంది. నొప్పి నిజం.

అలసట గురించి ఎంత చెప్పినా తక్కువే. రాత్రంతా నిద్రపోయి లేచినా, తల దువ్వుకునేసరికి చేతులు పడిపోయినట్టుంటాయి అని ఒకామె చెప్పింది నాకు. ఇంట్లోవాళ్ళు బద్ధకం అన్నారట. దయచేసి ఆ మాట అనకండి. దానితోపాటు కారణం తెలియని సన్న జ్వరం, బరువు తగ్గడం, మెడలో బిళ్ళ కట్టడం ఉంటే డాక్టరుకి చూపించండి.

బయటికి కనపడనివి

ఇప్పటిదాకా చెప్పినవి బాధపెడతాయి. ఇప్పుడు చెప్పబోయేవి ప్రాణం మీదికి తెస్తాయి.

మొదటిది కిడ్నీలు. లూపస్ ఉన్న నూరుమందిలో సుమారు 40 మందికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి ఉండదు. మళ్ళీ చెప్తున్నాను, నొప్పి ఉండదు. నడుంనొప్పి వస్తే కిడ్నీ అనుకుంటాం మనం. ఇక్కడ అలా ఉండదు. మూత్రంలో నురగ వస్తుంది, ఆ నురగ ఎంతసేపటికీ పోదు. పొద్దున కళ్ళ కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల్లో నీరు. చిన్న వయసులోనే బీపీ. ఇవి కూడా ఏవీ లేకుండా మూత్రం పరీక్షలో మాత్రమే తేలవచ్చు. గాయని సెలెనా గోమెజ్‌కి 2017లో కిడ్నీ మార్పిడి చేశారని మీలో పిల్లలకి తెలిసే ఉంటుంది. కారణం లూపసే. కిడ్నీ జబ్బు ముందే దొరికితే మందులతో ఆపగలిగే అవకాశం ఎక్కువ. అందుకు మొట్టమొదట కావాల్సింది ఒక చిన్న సీసాడు మూత్రం, అంతే.

రెండోది ఛాతీ. గట్టిగా ఊపిరి పీలిస్తే పొడిచినట్టు నొప్పి, అది ఊపిరితిత్తుల పొర వాచినందువల్ల. వెల్లకిలా పడుకుంటే ఎక్కువై, ముందుకి వంగి కూర్చుంటే తగ్గే నొప్పి, అది గుండె చుట్టూ ఉన్న పొరది. గ్యాస్ అని సరిపెట్టుకోకండి.

మెదడుకి వస్తే ఫిట్స్ రావచ్చు, ఉన్నట్టుండి మనిషి తీరు మారిపోవచ్చు, లేనివి కనపడవచ్చు, వినపడవచ్చు. తక్కువ స్థాయిలో అయితే మతిమరుపు, మాట తడుముకోవడం. పిచ్చి పట్టిందని ముద్ర వేయించుకున్న ఆడపిల్లలకి తర్వాత లూపస్ అని తేలిన సందర్భాలున్నాయి. నాకు ఇది చెప్తుంటే కష్టంగా ఉంటుంది.

రక్తంలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ఏవైనా తగ్గవచ్చు. అన్ని రక్తహీనతలూ ఐరన్ లోపం వల్ల రావు, నాకు ఆ పాఠం ఎలా తెలిసిందో చెప్పాను కదా.

గర్భం మాటిమాటికీ పోవడం, ముఖ్యంగా మూడు నెలలు దాటాక. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, అంటే రక్తం గడ్డకట్టడం. లూపస్ ఉన్న కొందరిలో రక్తాన్ని గడ్డకట్టించే యాంటీబాడీలు ఉంటాయి. ఆ స్త్రీని దురదృష్టవంతురాలని అనేవాళ్ళుంటారు. రక్తపరీక్ష చేయించమని చెప్పండి వాళ్ళకి.

ఫిట్స్, ఆయాసం, మూత్రం బాగా తగ్గిపోవడం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం, ఒక కాలు వాపు, ఉన్నట్టుండి చూపు తగ్గడం. వీటికి అపాయింట్‌మెంట్ తీసుకుని ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

పరీక్షల మాట

ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పేరు మీలో కొందరు విన్నారు, తల ఊపుతున్నారు. ఇందాక చెప్పిన, కేంద్రకం మీద తయారయ్యే యాంటీబాడీలని వెతికే పరీక్ష అది. లూపస్ ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ ఇది పాజిటివ్ వస్తుంది. కానీ పాజిటివ్ వచ్చినవాళ్ళందరికీ లూపస్ ఉండదు. పూర్తి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా, తక్కువ స్థాయిలో, నూటికి పదిమందికి పైగా పాజిటివ్ వస్తుంది. కాబట్టి లక్షణాలేమీ లేకుండా ఊరికే చేయించుకోకండి. పాజిటివ్ కాగితం పట్టుకుని రాత్రంతా ఏడ్చి వచ్చినవాళ్ళని చూశాను. లక్షణాలుండి ఇది పాజిటివ్ అయితే లూపస్‌ని మరింత గట్టిగా సూచించే యాంటీ డీఎస్ డీఎన్‌ఏ, యాంటీ స్మిత్ యాంటీబాడీలు, జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు తరచుగా తగ్గే సీ3, సీ4 అనే రక్తంలోని ప్రోటీన్లు చూస్తాం. మూత్రం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తకణాల లెక్క ఎలాగూ ఉంటాయి.

2003లో ఒక పరిశోధన వచ్చింది. అమెరికా సైన్యంలో నిల్వ ఉంచిన పాత రక్త నమూనాలు తీసి, తర్వాత లూపస్ వచ్చిన 130 మందివి పరీక్షించారు. నూటికి 88 మందిలో, జబ్బు నిర్ధారణకి ముందే ఏదో ఒక యాంటీబాడీ ఉంది. కొందరిలో తొమ్మిదేళ్ళు ముందే. అంటే ఈ జబ్బు చాలాకాలం చప్పుడు లేకుండా నడుస్తుంది.

2019లో యూరప్, అమెరికా కీళ్ళ వైద్యుల సంఘాలు కలిసి కొత్త ప్రమాణాలు తెచ్చాయి. ఏఎన్‌ఏ పాజిటివ్ ఉండాలి, ఆపైన ఒక్కో లక్షణానికి ఇన్ని మార్కులు, పది వస్తే లూపస్ కిందికి వస్తుంది. అవి పరిశోధనల కోసం చేసినవి, ఇంట్లో కూర్చుని మార్కులు వేసుకోకండి. కానీ వాటిలో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. లక్షణాలన్నీ ఒకేసారి ఉండక్కర్లేదు. ఎప్పుడో ఒక్కసారి వచ్చి పోయినా లెక్కలోకి వస్తుంది. అంటే ఆ తల్లి నా బల్ల మీద పరిచిన చీటీలన్నిటికీ విలువ ఉందన్నమాట.

మీరు చెయ్యాల్సింది కూడా అదే. ఒక కాగితం తీసుకోండి. ఏ నెలలో ఏం వచ్చింది, ఎన్నాళ్ళుంది, ఏ మందు వాడారు, రాయండి. దద్దుర్లు వస్తే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి అవి మాయమైపోతాయి. ఇంట్లో ఎవరికైనా లూపస్, కీళ్ళవాతం, థైరాయిడ్ జబ్బు ఉంటే అదీ రాయండి. వాడుతున్న మందులు కూడా, ఎందుకంటే బీపీకి వాడే హైడ్రలజిన్, టీబీకి వాడే ఐసోనియాజిడ్ లాంటివి కొందరిలో లూపస్ లాంటి జబ్బుని తెస్తాయి. డాక్టరు ఆ మందు ఆపితే అది చాలావరకు తగ్గిపోతుంది. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

1950లలో ఈ జబ్బు తేలినవాళ్ళలో ఐదేళ్ళు బతికినవాళ్ళు సుమారు సగం మంది. ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే పాత మందే ఇప్పటికీ వైద్యానికి పునాది. క్రమం తప్పకుండా కంటి పరీక్ష చేయించుకుంటూ ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు.

సభలో అడిగిన ప్రశ్నలు

లూపస్ ఉంటే పిల్లల్ని కనవచ్చా అని అడుగుతున్నారు. కనవచ్చు. జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉన్నాక, డాక్టరుతో మాట్లాడి, మందులు సరిచూసుకుని. కొన్ని మందులు ముందే మార్చాలి. తల్లికి యాంటీ రో అనే యాంటీబాడీ ఉంటే కడుపులో బిడ్డ గుండె వేగాన్ని జాగ్రత్తగా చూస్తూ ఉండాలి. ఇవన్నీ చూసుకుని పండంటి బిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు నాకు చాలామంది తెలుసు.

జ్వరం లూపస్‌దో ఇన్‌ఫెక్షన్‌దో ఎలా తెలుస్తుంది? మంచి ప్రశ్న. ఇంట్లో తెలియదు. వైద్యంలో ఉన్నవాళ్ళకి జ్వరం వస్తే ముందు ఇన్‌ఫెక్షన్ అనే అనుకుని వెంటనే రావాలి. ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్‌పీ అని రెండు రక్తపరీక్షలున్నాయి. లూపస్ తిరగబెడితే తరచుగా ఈఎస్ఆర్ పెరిగినా సీఆర్‌పీ అంతగా పెరగదు. సీఆర్‌పీ బాగా పెరిగితే ఇన్‌ఫెక్షన్ కోసం వెతుకుతాం.

అక్కడ మూడో వరసలో అమ్మగారు, మీరేదో అడగబోయి ఆగారు. చెప్పండి. డాక్టరుకి ఏమని చెప్పాలి, జబ్బు పేరు మేమే చెప్తే కోప్పడతారేమో అంటున్నారు. పేరు చెప్పకండి. ఇలా చెప్పండి: "ఈ రెండేళ్ళలో మా అమ్మాయికి ఇవన్నీ వచ్చాయండి, వేరే వేరే డాక్టర్లకి చూపించాం. ఇవన్నీ ఒకే జబ్బు కావచ్చా? మూత్రం పరీక్ష కూడా చేయిస్తారా?" ఇలా అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. ఒకవేళ కోప్పడితే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి.

మీ పక్కనున్నది మీ అమ్మాయేనా? ఫోన్‌లో ఫొటోలున్నాయా? సరే అమ్మా, సభ అయ్యాక వెళ్ళిపోకండి, ఇక్కడే కూర్చోండి, చూస్తాను.